కోడిపిల్లలను పెరటిలోనికి విడుచుటకు తొందర వలదు

కోడిపిల్ల గ్రుడ్డులో నుండి బయటికి వచ్చుటకు 21 దినములు పట్టును. ఆ పిల్ల పెరటిలో తనంతట తాను తిరిగి బ్రతుకగల కోడి అగుటకు ఇంకను 6 వారములు పట్టును. మొదటి 21 దినములను తగ్గింపవలెనని ఎవ్వరును చూడరు. ముందుగా గ్రుడ్డు పగులగొట్టినచో పిల్ల చచ్చునని చిన్నపిల్లలకు కూడ తెలియును. తరువాతి 6 వారములను మాత్రము అందరమును తగ్గింపజూచుచున్నాము. పిల్లలను పంచెడి అధికారులము తగ్గించుచున్నాము; పుచ్చుకొనెడి రైతులు తగ్గించుచున్నారు. పెరటికోళ్ల పెంపకములో మన పల్లెలలో జరుగుచున్న నష్టములో పెద్ద భాగము ఈ తొందర వలననే అని నా అభిప్రాయము.

నేను వ్యవసాయశాస్త్ర పట్టభద్రుడను, పశువైద్యుడను కాను. కోళ్ల జబ్బులకు మందు చెప్పుట నా పని కాదు. కాని వరంగల్ ప్రాంతములో ప్రత్తి వేయు రైతు, మిరప వేయు రైతు, మొక్కజొన్న వేయు రైతు వాకిట కూడ కోళ్లు తిరుగుచునే ఉండును. చేనును చూడ వెళ్లినవాడు వాకిలిని చూడక రాలేడు. అట్లు చూచినదానిని, అందులో నా పొరపాటును కూడ, ఇక్కడ చెప్పుచున్నాను.

ఇరవై పిల్లల కథ

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక డిసెంబరు నెలలో, మా పరిధిలోని ఒక గ్రామమున మహిళా సంఘము సభ్యులకు ఇంటికి 20 చొప్పున కోడిపిల్లలను ఇప్పించినాము. తేదీ ముందుగానే నిర్ణయమైనది. అతిథులు వచ్చుచున్నారు. పిల్లలకు మూడు వారములు మాత్రమే నిండినవి. రెక్క ఈకలు వచ్చినందున చూచుటకు గట్టిగానే కనిపించినవి. “ఇగ బయట ఇడిసిపెట్టొచ్చా సారూ?” అని ఒక సోదరి అడిగినది. “విడువవచ్చునమ్మా” అని చెప్పినవాడను నేనే. సంతకములు అయినవి, ఫోటో తీసినారు, రిజిస్టరులో లెక్క చేరినది.

నెల దినముల తరువాత మరియొక పనిమీద ఆ ఊరు పోయి ఆమె వాకిట నిలిచితిని. పిల్లలు ఎట్లున్నవని అడిగితిని. ఆమె కోపపడలేదు. “మీ బుక్కుల ఇరవై ఉన్నయి సారూ, నా గూట్ల ఆరే ఉన్నయి” అన్నది.

తక్కిన పదునాలుగు ఏమైనవో ఒక్కొక్కటిగా లెక్క చెప్పినది. మొదటి రెండు రాత్రులలో చలికి ఒకదానిపై నొకటి ఎక్కి కుప్పపడి ఆరు చనిపోయినవి. మూడింటిని గద్ద ఎత్తుకొనిపోయినది. ఒకదానిని పిల్లి పట్టినది. నాలుగు ముడుచుకొని కూర్చుండి, పారుకొని పోయినవి. ప్రక్క ఇంటివారు “జాతి మంచిది కాదు” అని తేల్చినారు. ఆమె మాత్రము అట్లనలేదు. “తల్లి లేని పిల్లలు సారూ. గద్దొస్తె ఎటు ఉరకాల్నో వాటికెవరు చెప్పిండ్రు?” అన్నది.

నేను చదివిన పుస్తకములలో బ్రూడరును గూర్చి చాల ఉన్నది. కాని ఈ మాట అంత సూటిగా ఎచ్చటను చదువలేదు.

తల్లికోడి చేయు పని

దేశవాళీ పెట్ట తన పిల్లలను ఎట్లు పెంచునో గమనింపుడు. మొదటి దినములలో పిల్లలను ఇంటి గోడ దాటనీయదు. కొంతసేపు తిప్పి, రెక్కల క్రిందికి తీసికొని వెచ్చజేయును, మరల తిప్పును. గింజయో పురుగో కనబడినప్పుడు తాను తినక పిల్లలను పిలిచి చూపును. గద్ద నీడ పడినప్పుడు వేరొక కూత కూయును. ఆ కూతకు పిల్లలన్నియు పొదలోనికో గంప చాటునకో పరుగెత్తును. దినదినమునకు తిరుగు మేర కొంచెము కొంచెముగా పెంచును. పిల్లలకు ఈకలు నిండిన తరువాత, సుమారు రెండు నెలల ప్రాయమున, తానే పొడిచి తరిమివేయును. ఆనాటికి వానికి చలి ఓర్చుట, మేత వెదకుట, శత్రువును గుర్తించుట, సాయంకాలము గూటికి చేరుట అను నాలుగు విద్యలును వచ్చియుండును.

బ్రూడరు ఈ నాలుగింటిలో ఒక్కదానికే ఉపకరించును. అది వెచ్చదనము మాత్రమే ఇచ్చును. మిగిలిన తల్లి పని రైతుదే. ఈ సంగతి మరచి, వెచ్చదనము అవసరము తీరినట్లు కనబడగానే పిల్లల పని అయిపోయినదనుకొనుటయే మన పొరపాటు.

పూర్వము ఈ చిక్కు లేదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాత గ్రామసేవకుల ద్వారా పల్లెలలో వైట్ లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్ పుంజులను పంచి, నాటుకోళ్ల జాతిని బాగుచేయ జూచినారు. పుంజు క్రొత్తదే గాని, గ్రుడ్లు పొదిగినదియు పిల్లలను త్రిప్పినదియు ఇంటి నాటు పెట్టయే. అనగా తల్లి ఉన్నది. తరువాత హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ల పరిశోధనకు జాతీయ స్థాయి సంస్థ ఏర్పడి, అక్కడ వనరాజ, గ్రామప్రియ అను పెరటికోళ్లు రూపొందినవి. రాజశ్రీ కూడ హైదరాబాదులోనే రూపొందినది. ఇవి మంచి జాతులు. రంగు ఈకలు గలవి. పెరటిలో తిరిగి మేయగలవు. నాటుకోడి కంటె చాల ఎక్కువ గ్రుడ్లు పెట్టును. అయితే ఎక్కువ గ్రుడ్లు పెట్టు కోడి సాధారణముగా పొదుగునకు కూర్చుండదు. పొదుగునకు కూర్చున్నన్ని దినములు, పిల్లలను త్రిప్పినన్ని దినములు నాటు పెట్ట గ్రుడ్లు పెట్టదు గదా! ఎక్కువ గ్రుడ్లు అను లాభమునకు తల్లి లేకపోవుట అను వెల మనము చెల్లించుచున్నాము. ఆ వెలను తెలిసి చెల్లించినవానికి లాభము. తెలియక చెల్లించినవానికి ఆరు కోళ్లు.

బ్రూడరులో ఉన్నన్ని దినములు

అప్పుడే పుట్టిన పిల్లకు నూగు తప్ప ఈకలు లేవు. తన వేడిని తాను నిలుపుకొనలేదు. కావున మొదటి వారము బ్రూడరు క్రింద 35 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి ఉండవలెను. తరువాత వారమునకు సుమారు 3 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున తగ్గించుకొని రావలెను. ఈ లెక్కన మూడవ వారపు పిల్లకు ఇంకను 29 డిగ్రీల వేడి కావలెను. వరంగల్ ప్రాంతములో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకును అంతకు దిగువకును దిగుచుండును. నేను ఆనాడు ఆ పిల్లలను ఒక్క రాత్రిలో 14 డిగ్రీలు క్రిందికి దింపితిని. అవి కుప్పపడుటలో వింత ఏమున్నది?

ఖరీదైన సామాను అక్కరలేదు. గాలి నేరుగా తగలని గది, రెండు మూడు అంగుళముల మందమున పొడి వరి ఊక, దానిపై మొదటి మూడు నాలుగు దినములు దినమునకొకసారి మార్చు వార్తాపత్రిక కాగితము, అడుగున్నర ఎత్తున రేకుతోనో అట్టతోనో గుండ్రముగా కట్టిన కంచె, పైన బుట్ట క్రింద వ్రేలాడు బల్బు చాలును. తీగతో చుట్టిన మామూలు బల్బులైనచో పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్క వేయవచ్చును. కాంతికి వాడు ఎల్.ఇ.డి. బల్బు వేడి నీయదు, దానిని నమ్మరాదు. కంచెకు మూలలు లేకుండ చూడవలెను. మూల ఉన్నచోట పిల్లలు కుప్పపడును. పిల్లకు మొదట అర చదరపు అడుగు, నాలుగవ వారమునకు ఒక చదరపు అడుగు చోటు ఇవ్వవలెను.

వేడి సరిపోయినదా లేదా అని పిల్లలే చెప్పును. బల్బు క్రింద గుమిగూడి అరచినచో చలి. అంచులకు పోయి నోరు తెరచి రొప్పినచో వేడి ఎక్కువ. ఒక్క ప్రక్కకే చేరినచో రెండవ ప్రక్కనుండి గాలి వచ్చుచున్నది. అంతట సమముగా చెదరి తినుచు, త్రాగుచు, పడుకొనుచు ఉన్నచో అంతయు సరిగానున్నది. గాలివానకు కరెంటు పోయిన రాత్రికై లాంతరు సిద్ధముగా ఉండవలెను. బొగ్గుల కుంపటి పెట్టువారు పొగ బయటికి పోవుటకు కిటికీ తెరచి ఉంచవలెను. మూసిన గదిలో కుంపటి పిల్లలకే కాదు, మనుష్యులకు కూడ ప్రాణాంతకము.

టీకాల విషయములో పశువైద్యుని మాటయే ప్రమాణము. సాధారణముగా పొదిగించు కేంద్రములోనే మొదటి దినమున మారెక్స్ టీకా వేయుదురు. 5వ దినము నుండి 7వ దినము లోపల కొక్కెర తెగులునకు లసోటా చుక్క, 14వ దినమున గంబోరో టీకా, 28వ దినమున మరల లసోటా ఇప్పింతురు. కొక్కెర తెగులు 1926లో ఇంగ్లాండులోని న్యూకాసిల్‌లో గుర్తింపబడి, మరుసటి సంవత్సరము మన దేశమున రాణీఖేత్‌లో కనబడినందున ఇక్కడ రాణీఖేత్ వ్యాధి అను పేరు వచ్చినది. ఊరిలో ఒక్క వాకిట అది ప్రవేశించినచో ఊరంతయు ఖాళీ అగును. 28వ దినపు టీకా వేయకమునుపే పెరటిలో పెద్ద కోళ్ల నడుమ విడిచిన పిల్ల, ఆయుధము లేక యుద్ధమునకు పోయినట్లే. ఎనిమిది, తొమ్మిది వారముల ప్రాయమున ఆర్.టు.బి. టీకా వేయించుట కూడ మరువరాదు.

ఒక్కనాడు ఒక్క మార్పు

పిల్లలను బయటికి విడుచుటలో నేను నేర్చుకొన్న సూత్రము ఒక్కటే: ఒక్కనాడు ఒక్క మార్పు మాత్రమే. మనము సాధారణముగా చేయునదేమి? ఒకే దినమున వేడి తీసివేయుదుము, చోటు మార్చుదుము, మేత మార్చుదుము, పెద్దకోళ్లలో కలుపుదుము. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి వచ్చినను పిల్ల తట్టుకొనును. నాలుగును ఒక్కసారి వచ్చినప్పుడు తట్టుకొనలేదు.

నాలుగవ వారమున పగటిపూట బల్బు ఆర్పి, రాత్రి మాత్రము వెలిగింపవలెను. అయిదవ వారమున రాత్రి కూడ ఆర్పి, అదే గదిలో కనీసము నాలుగైదు రాత్రులు వేడి లేకుండ గడపనీయవలెను. చలికాలమైనచో ఇంకొక వారము ఆగవలెను. ఆ రాత్రులలో కుప్పపడక విడివిడిగా పడుకొన్నచో చలిని ఓర్చుట వచ్చినట్లే.

ఆరవ వారమున ఇంటి ప్రక్కన, నీడ ఉన్నచోట, తడికలతోనో వలతోనో చిన్న ఆవరణము కట్టి, పైన కూడ వల కప్పి, ప్రొద్దెక్కి మంచు ఆరిన తరువాత ఒక గంటసేపు విడువవలెను. మరునాడు రెండు గంటలు. ఇట్లు వారము దినములలో పగలంతయు ఉండునట్లు చేయవలెను. ఆవరణములో గంపయో ఆకుల కొమ్మయో ఒక చాటు ఉండవలెను. గద్ద నీడ పడగానే దూరుటకు అవి ఇక్కడనే నేర్చుకొనును. తల్లి కూతకు బదులు మన కూత అలవాటు చేయవలెను. దినమును సాయంకాలము ఒకే వేళకు, ఒకే కూత పెట్టి, గూటిలోనే కొంచెము గింజ వేసినచో చీకటి పడకమునుపే పిల్లలు తామే గూటికి చేరును. గూడు నేలనుండి ఎత్తుగా, జాలితో, గట్టి తలుపుతో ఉండవలెను. పిల్లి, కుక్క, పాము ఎక్కువగా వచ్చునది రాత్రియే.

మేత మార్పు వేరుగా జరుగవలెను. పిల్లల దాణాలో నూకలు, పగిలిన మొక్కజొన్న కొద్దికొద్దిగా కలుపుచు వారము పది దినములలో మార్చవలెను. పెద్దకోళ్లతో కలుపుట అన్నిటికంటె కడపటి పని. టీకా వేసిన దినమున ఏ మార్పును చేయరాదు.

అట్లని పిల్లలను నెలల తరబడి గదిలోనే బంధించుటయు మంచిది కాదు. చోటు చాలక ఒకదానినొకటి పొడుచుకొనును. ఊక తడిసి రక్తపు పారుడు పట్టును. మేత వెదకుట నేర్వక దాణా సంచి కొరకే ఎదురు చూచును. ఆలస్యము కూడ నష్టమే. కాని మన పల్లెలలో నేను చూచుచున్న నష్టము తొందర వలన కలిగినది.

కాలమును కూడ చూచుకొనవలెను. మన ప్రాంతములో మే నెల ఎండ 43, 44 డిగ్రీలకు పోవును. తొలకరి వానలలో వాకిలి బురద. కావున మే నెలలోగాని, జూన్, జూలై వానలలోగాని పిల్లలు తొలిసారి బయటికి పోవునట్లు తెచ్చుకొనరాదు. సెప్టెంబరు చివర తెచ్చిన పిల్లలు నవంబరు మొదట, జనవరిలో తెచ్చిన పిల్లలు మార్చి మొదట బయటికి పోవును. నా అభిప్రాయములో ఈ రెండు కాలములు మేలైనవి.

మన పొలములనుండి వచ్చు అపాయము

ఇది నా శాఖకు సంబంధించిన మాట. ప్రత్తి, మిరప చేలలో మందు కొట్టిన దినములలో పిల్లలను చేని వైపు పోనీయరాదు. మందుకు చచ్చిన పురుగును తిన్న పిల్లయు చచ్చును. రంగు పట్టించిన విత్తనములు, గుళికల మందు చల్లిన సంచులు వాకిట దులుపరాదు. తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను “కోళ్లకు పనికి వచ్చునులే” అని వేయుచుందురు. ఆ బూజులోని విషము పెద్దకోడి కంటె పిల్లను త్వరగా చంపును. మనుష్యుడు తినరాని గింజ పిల్లకు వేయరాదు.

రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: “మా అమ్మమ్మ కోళ్లు పెంచలేదా? బ్రూడరు ఎక్కడిది?” నిజమే. ఆమెకు తల్లికోడి ఉన్నది. ఇప్పటికిని ఉన్నవారు దానినే వాడుకొనవలెను. పొదుగునకు కూర్చున్న నాటు పెట్ట క్రింద, ఒకటి రెండు దినముల ప్రాయపు పిల్లలను పది పన్నెండింటిని రాత్రి చీకటిలో చేర్చినచో, తెల్లవారునప్పటికి తనవిగానే చూచుకొనును. ఒకవేళ పొడిచినచో వెంటనే తీసివేయవలెను. అందుచేత క్రొత్త జాతులు వచ్చినవని నాటు పెట్టలన్నిటిని అమ్మివేయుట తెలివితక్కువ. ఇంటికి ఒకటి రెండైనను ఉండవలెను.

రెండవ ఆక్షేపణ: “ఆరు వారముల పిల్ల వెల ఎక్కువ గదా!” ఎక్కువే. కాని 20 పిల్లలకు వెల పెట్టి 6 కోళ్లు మిగుల్చుకొన్న ఇంటిలో, ఒక్కొక్క కోడికి మూడు పిల్లల వెలకు పైగా పడినది. చచ్చిన పిల్లకంటె ఖరీదైన పిల్ల లేదు.

లెక్క ఎప్పుడు చూడవలెను?

2019 పశుగణన ప్రకారము దేశములో 85 కోట్ల కోళ్లు ఉండగా, అందులో 31.7 కోట్లు పెరటికోళ్లు. ఇది చిన్న సంగతి కాదు. ఇందులో పెక్కింటికి మేత వేయునది ఇంటి ఇల్లాలే. కేంద్ర ప్రభుత్వపు పెరటికోళ్ల పథకములో, పిల్లలను నాలుగు వారములు పెంచి పంచుటకు మదర్ యూనిట్లను ఏర్పరచినారు. ఆ పేరు పెట్టినవారు సరిగా పెట్టినారు. 2021లో మార్చిన జాతీయ పశుసంపద మిషన్ క్రింద, తల్లికోళ్ల క్షేత్రము, పొదిగించు కేంద్రము, మదర్ యూనిట్ కలిపి పెట్టువారికి పెట్టుబడిలో సగము, 25 లక్షల రూపాయలకు మించకుండ, రాయితీ ఏర్పరచినారు. ఇవన్నియు మంచివే. కాని నాలుగు వారముల పిల్లకును పెరటికిని నడుమ ఇంకను రెండు వారముల దారి ఉన్నది. ఆ దారిలో తోడు లేదు.

కావున నా సూచన ఇది. ప్రతి గ్రామమునను మహిళా సంఘములో ఆసక్తి గల ఒక సోదరి ఈ రెండు వారముల పని పూనుకొనవలెను. ఆమె వాకిట ఒక గది, ఒక వల ఆవరణము ఉండవలెను. ఊరికి వచ్చిన పిల్లలన్నియు మొదట ఆమె వద్దకే పోయి, 28వ దినపు టీకా పొంది, వేడి మాని, బయట తిరుగుట నేర్చి, ఆరు వారములు నిండిన పిదప ఇండ్లకు చేరవలెను. ఆమెకు కూలి, వచ్చిన పిల్లల లెక్కన గాక, ప్రాణముతో అప్పగించిన పిల్లల లెక్కన ఇవ్వవలెను. శిక్షణకు వరంగల్ దగ్గర మామునూరులోనే పశువైద్య కళాశాలయు, కృషి విజ్ఞాన కేంద్రమును కలవు.

పంచాయతీ కార్యదర్శులకును, తోటి విస్తరణాధికారులకును ఒక మనవి. మనము పంచిన పిల్లలను లెక్క పెట్టుచున్నాము. ఆ లెక్క పంచిన సాయంకాలమే నిజము. మరునాటి తెల్లవారుజామునకు అది పాతబడును. రిజిస్టరులో “ఇచ్చినవి” అను గడి ప్రక్కన ఇంకొక గడి గీయుడు. “పన్నెండవ వారమున ఉన్నవి” అని దానికి పేరు పెట్టుడు. ఆ గడి నింపుటకు ఇంటింటికి పోయి గూటి తలుపు తెరచి చూడవలసి వచ్చును. నేను ఆ పని మొదలుపెట్టినాను. మొదటి గడిలో 20 అని ఉన్నది. దాని ప్రక్కన 6 అని నా చేతితో వ్రాసినాను.